మంచి యాంగా, ఎండ యాంగా

సోన్‌హ్వా బడి నుంచి వచ్చేసరికి సగం వీధికి రొట్టెలు పంచడం అయిపోయింది.

ఇంటి ముందు కారం మర ఆడుతోంది. మిరపకాయల ఘాటు వీధి మలుపు దాకా వచ్చి కళ్లు మండిస్తోంది. ఆ ఘాటులోనే, వెనక పొయ్యి మీద, బియ్యప్పిండీ ఎర్ర చిక్కుడు గింజలూ పొరలుగా వేసి ఆవిరికి పెట్టిన రొట్టె పొగలు కక్కుతోంది. ఇంట్లో శుభం జరిగితే తప్ప అత్త గప్సునమ్మ అటక మీంచి ఆ పాత్ర దించదు. గ్వేసాన్ ఊరంతా శీతాకాలపు కిమ్చి పచ్చడికి కారం పట్టించుకోడానికి బస్తాలతో బారులు తీరే ఈ రోజుల్లో అయితే అసలే దించదు.

"రామ్మా రా. చెయ్యి కడుక్కుని ఈ పళ్లెం మంగలి షాపు వాళ్లకిచ్చి రా," అంది అత్త. మర హోరులో ఆవిడ మాటలెప్పుడూ అరుపులే. ఆ మరే ఆవిడ చెవుల్ని సగం తినేసింది. ఆ సంగతి ఆవిడ మాత్రం ఒప్పుకోదు.

"ఏమిటి విశేషం, అత్తయ్యా?"

"పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. యాంగ్‌సొంగ్‌ట."

సోన్‌హ్వా భుజాన ఉన్న సంచీ జారి కింద పడింది. యాంగ్‌సొంగ్. అపాయం లేని గడ్డ. పోయిన వారం చోంగ్జు పెద్దాసుపత్రిలో అత్త ఎడమ రొమ్ములోని గడ్డలోకి సూది దింపి, దారప్పోగుల్లాంటి ముక్కలు తీసి సీసాలో వేసుకున్నప్పటి నుంచీ ఈ ఇంట్లో ఎవరూ కడుపునిండా తినలేదు. కోడలి కళ్లు నీళ్లతో నిండాయి. నెపం మిరప ఘాటు మీదికి నెట్టేసి మొహం తుడుచుకుంది.

"హమ్మయ్య," అంది. "మరి రేపు డాక్టరు రమ్మన్నారుగా?"

"ఇంకెందుకు? మంచిదని తేలాక మళ్లీ బస్సెక్కిపోయి ఆయన మొహం చూసి రావాలా? రానని చెప్పేశాను."

"దానికి వాళ్లేమన్నారు?"

"ఆ నర్సు పిల్ల ఏదో అంది. ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని తప్పకుండా రమ్మంది. సరే సరేనని పెట్టేశాను. ఇక్కడ బస్తాలతో మనుషులు నిలబడుంటే నేను ఫోను పట్టుకుని కూర్చోనా?"

సోన్‌హ్వా పళ్లెం అందుకుంది. అందుకుని, కదలకుండా అక్కడే నిలబడింది. మంచి గడ్డయితే ఇంట్లోవాళ్లని ఎందుకు వెంట తెమ్మంటారు?

ఆ ప్రశ్న నోటి దాకా రాకముందే వీధిలో టాక్సీ ఆగింది. అందులోంచి దిగింది ఆడపడుచు మ్యోంగోక్, చోంగ్జు నుంచి. దిగుతూనే ఏడుపు. వచ్చి తల్లి మెడ చుట్టేసుకుంది.

"ఎవరు పోయారే?" అంది గప్సునమ్మ కంగారుగా.

"అమ్మా, నువ్వే కదే ఫోన్లో చెప్పావు. యాంగ్‌సొంగ్ అని."

"అవును, చెప్పాను. ఇదిగో, వేడిగా ఉంది, తిను."

"కాన్సరని చెప్పి రొట్టె తినమంటావేమిటే."

"నీ నోట్లో మన్నుపడ. యాంగ్‌సొంగ్ అంటే మంచిదేనే, మొద్దు మొహమా."

"మంచిదేమిటి? పరీక్షలో బయటపడింది అంటేనేగా యాంగ్‌సొంగ్ అనేది."

మర దగ్గరున్న సోన్‌హ్వా మొగుడు బ్యోంజు చెయ్యి చాచి మీట దించాడు. హోరు ఒక్కసారి ఆగిపోయింది. అంతసేపూ కేకలేస్తున్న మనుషులందరికీ తమ గొంతులు తమకే పెద్దవిగా వినిపించాయి.

"అమ్మా," అన్నాడు బ్యోంజు, మొహం మీది కారప్పొడి తువ్వాలుతో దులుపుకుంటూ. "కరోనా వచ్చినప్పుడు నాకు యాంగ్‌సొంగ్ అని తేలింది గుర్తుందా? గదిలో పెట్టి తలుపు సందులోంచి గంజి తోశావు. వీధికి రొట్టెలు పంచలేదు."

బస్తాల మీద కూర్చున్న వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చారు.

"అది వేరే యాంగ్‌సొంగ్," అంది గప్సునమ్మ.

"వేరే ఏమిటి? మాట అదేగా?"

అందరూ సోన్‌హ్వా వైపు తిరిగారు. ఆమె ఊరి బడిలో పిల్లలకి చైనా లిపి అక్షరాలు నేర్పుతుంది. వాడుక పోయిన అక్షరాలని పిల్లలూ విసుక్కుంటారు, ఇంట్లో మొగుడూ వెక్కిరిస్తాడు. వెక్కిరించేవాళ్లంతా ఇప్పుడు ఆమె నోటికేసి చూస్తున్నారు.

సోన్‌హ్వాకి ఇది కొత్త కాదు. పుట్టింట్లో కాలేజీ గడప తొక్కినది ఆమె ఒక్కతే. కరెంటు బిల్లు దగ్గర్నుంచి కోర్టు తాఖీదు దాకా ఏ కాగితం వచ్చినా, "చదువుకున్నదానివి, చెప్పు" అని ఆమె చేతిలో పెట్టేవారు. కాగితంలో ఉన్న చెడ్డకి కూడా చదివిన మనిషిదే తప్పన్నట్టు చూసేవారు.

"పలకడం ఒకటే. రాసే అక్షరాలు రెండు," అంది మెల్లిగా. "'మంచి' అనే యాంగ్ రాస్తే, అపాయం లేని గడ్డ అని. 'ఎండ' అనే యాంగ్ రాస్తే, దేనికోసం వెతికారో అది దొరికింది అని."

"మరి ఆ పిల్ల ఏ యాంగ్ అంది?"

"నోటితో అంది కదా అత్తయ్యా. నోటికి రెండూ ఒకటే."

ఈ ప్రాంతం వాళ్లు ఏ మాటా సూటిగా అనరు. ఒక ముసలాయన లేచి, బస్తా మూతి బిగించి కట్టి, "మా కాయలు ఇంకాస్త ఎండాలనుకుంటా. రేపు వస్తాంలే," అన్నాడు. మిగతావాళ్లకీ తమ కాయలు ఇంకా పచ్చిగానే కనిపించాయి. చూస్తుండగా మర ముందు ఖాళీ అయింది.

*

బ్యోంజు భార్యని పెరట్లోకి పిలిచాడు. కిమ్చి జాడీల పక్కన నిలబడి సిగరెట్టు తీశాడు, వెలిగించలేదు.

"ఫోను చేసి అడుగుదాం అనకు."

"అడగాలిగా మరి."

"అమ్మ నవ్వింది చూశావా ఇందాక? ఎన్నాళ్లకి నవ్వింది? ఈ మిరప రోజులు దాటనీ. రేపు నేనొక్కణ్ణీ వెళ్లి కనుక్కుంటాను. మంచిదయితే సరే. చెడ్డదయితే నాలోనే ఉంచుకుంటాను."

"ఉంచుకుని ఏం చేస్తారు? గడ్డ ఆవిడలో ఉంది."

"ఏదో చెప్పి మందులిప్పిద్దాం. నాన్నకి కాన్సరని చెప్పామా? కడుపులో పుండన్నాం. పోయేదాకా నిమ్మళంగా ఉన్నాడు. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు."

సోన్‌హ్వాకి మామగారు గుర్తొచ్చారు. ఆఖరి రోజుల్లో గోడవైపు తిరిగి పడుకునేవారు. అది నిమ్మళమో కాదో ఆమెకి అప్పుడూ తెలియలేదు.

"నువ్వు మాత్రం నోరు విప్పకు," అన్నాడు బ్యోంజు. "తెలిసిందని చెప్పేయడం గొప్ప కాదు. సరేనా?"

ఆమె బదులివ్వలేదు. అతను దాన్ని సరే అనుకున్నాడు.

లోపలికి వచ్చేసరికి గప్సునమ్మ చేతులు కడుక్కుని, ముందు కట్టుకున్న గుడ్డ విప్పేసి, గది మధ్య నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఫోను. మ్యోంగోక్ ముక్కు చీదుకుంటూ పక్కనే ఉంది.

"అమ్మాయ్, పొద్దున వచ్చిన నంబరు కలుపు. అందరికీ వినపడేలా పెట్టు. అడగాల్సింది నువ్వే అడుగు, నాకు ఆ అక్షరాలు తెలీవు," అంది కోడలితో.

"అమ్మా, ఇప్పుడెందుకే?" అన్నాడు బ్యోంజు.

"ఊరంతా రొట్టెలు పంచాక, ఎందుకు పంచానో నాకు తెలియొద్దట్రా?"

సోన్‌హ్వా నంబరు కలిపింది. పేరు, పుట్టిన తేదీ గప్సునమ్మే చెప్పింది, బడిపిల్లలా నిటారుగా కూర్చుని. తర్వాత ఫోను కోడలివైపు జరిపింది.

"నేను కోడల్నండీ. పొద్దున మీరు యాంగ్‌సొంగ్ అన్నారట. ఏ యాంగండీ? మంచి యాంగా, ఎండ యాంగా?"

ఆ నర్సుని ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.

"అయ్యో," అంది నర్సు. "పొద్దున నేను చెప్పింది హార్మోను పరీక్ష సంగతండీ. అది ఎండ యాంగ్. అక్కడేదో మర చప్పుడు, ఆవిడకి సరిగ్గా వినపడలేదేమో. మొత్తం మీద దాని అర్థం డాక్టరుగారే చెప్పాలి, ఫోన్లో నేను చెప్పకూడదు. రేపు పది గంటలకి ఇంట్లోవాళ్లతో రండి. రానన్నారు గానీ, నేను ఆవిడ పేరు తీసెయ్యలేదు."

ఫోను పెట్టేశాక ముందుగా ఊపిరి పీల్చుకున్నది మ్యోంగోక్.

"హార్మోన్లా. అంతేనా. హార్మోన్లు ఎవరికి లేవు? నాకూ ఉన్నాయి. మా ఆయన్నడుగు, నెలకోసారి ఇంట్లోంచి పారిపోతాడు."

"చూశారా," అన్నాడు బ్యోంజు. "వట్టి హార్మోను గొడవ. దీనికోసమా ఇంత రాద్ధాంతం."

సోన్‌హ్వా బడిలో సంగీతం టీచరు ఒకామెకి రొమ్ము కాన్సరు వచ్చింది. టీచర్ల గదిలో టీ తాగుతూ అన్నీ చెప్పింది. తీసిన ముక్కని ముందు పల్చగా కోసి, రంగేసి, భూతద్దం కింద పెట్టి చూస్తారట. మంచిదయితే కథ అక్కడితో సరి. చెడ్డదని తేలితేనే, దానికి ఏ మందు పనిచేస్తుందో చూడ్డానికి ఈ రెండో పరీక్ష.

గప్సునమ్మ కొడుకునీ చూడలేదు, కూతుర్నీ చూడలేదు.

"సోల్ వాళ్లమ్మా," అంది. మనవరాలి పేరుతో పిలిచిందంటే మాట పెద్దదన్నమాట. "ఆ హార్మోను పరీక్ష మంచి గడ్డకి కూడా చేస్తారా?"

అత్త భుజం వెనక నిలబడి బ్యోంజు తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు. చెప్పకు, చెప్పకు.

సోన్‌హ్వా అతని వైపు చూసింది. తర్వాత ఆవిడ వైపు చూసింది. రేపు ఆవిడ ఆ ఆసుపత్రికి వెళ్లడమో, ఇక్కడే ఉండి కారం పట్టడమో ఈ ఒక్క మాట మీద ఉంది.

"చెయ్యరు, అత్తయ్యా."

మ్యోంగోక్ చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలోకి జారింది.

"నువ్వు డాక్టరువా?" అన్నాడు బ్యోంజు. "పెద్ద చెప్పొచ్చావు. చచ్చిన అక్షరాలు చదువుకున్నావని బతికున్న మనిషి మీద రాస్తావా?"

ఆ మాట సోన్‌హ్వాకి తగలాల్సిన చోటే తగిలింది. ఆమె తల దించుకుంది గానీ, అన్నది వెనక్కి తీసుకోలేదు.

"నువ్వాగరా," అంది గప్సునమ్మ. "నన్ను విననీ." కోడలి దగ్గరికి జరిగి, తల పక్కకి తిప్పింది. "ఈ చెవిలో చెప్పు. ఆ చెవి పోయి చాలా కాలమైంది."

ఈ ఇంట్లో ఆవిడ ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి.

"జబ్బు పేరు చెడ్డదే, అత్తయ్యా," అంది సోన్‌హ్వా. "నేను డాక్టర్ని కాను. తెలిసినంత చెప్తాను. ఆ గడ్డ మన ఒంట్లోని హార్మోన్లని తిని పెరుగుతుంది. తినడానికి దానికొక నోరుంది. ఎండ యాంగ్ అంటే ఆ నోరు కనపడిందని. నోరుంటే దాన్ని మూసే మందుంది. లేనిదానికన్నా ఉండటమే మేలట."

"మరయితే పొద్దున నేను విన్నది పూర్తిగా అబద్ధం కాదు."

"పూర్తిగా కాదు."

"ఎక్కడిదాకా పాకింది?"

"అది సూది చెప్పదు. సూదికి దొరికింది చిన్న ముక్క. ఆ ముక్క ఎలాంటిదో మాత్రమే చెబుతుంది, గడ్డ ఎంత దూరం పోయిందో చెప్పలేదు. రేపు ఇంకా పరీక్షలు రాస్తారు. చంకలో కూడా చూస్తారు."

"చచ్చిపోతానా?"

"తెలీదు, అత్తయ్యా. మా సంగీతం టీచరు రోజూ బడికొస్తోంది. మొన్న పిల్లల్ని కొట్టింది కూడా."

గప్సునమ్మకి నవ్వొచ్చింది. మూతి బిగించింది గానీ ఆగలేదు. ఆ నవ్వు చూసి మ్యోంగోక్ మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పరా," అంది గప్సునమ్మ కొడుకుతో. "నాతో ఏమని చెబుదామనుకున్నావు? పుండనా?"

బ్యోంజు గోడకి ఆనుకున్నాడు. "నువ్వు నిమ్మళంగా ఉంటావని."

"మీ నాన్న నిమ్మళంగా ఉన్నాడా?"

"ఒక్కసారీ అడగలేదు కదే."

"నిన్ను అడగలేదు. నన్ను అడిగాడు." ఆవిడ మోకాలి మీద కారపు మరక గోటితో గీకుతూ చెప్పింది. "అన్నం కలిపి పెడుతుంటే ఒకరోజు, 'నీ చేత ఈ పుండు కథ ఎవరు చెప్పిస్తున్నారు?' అన్నాడు. డాక్టరన్నాను. నీ పేరు చెప్పలేదు. కాసేపాగి, 'ఆ డాక్టరు అచ్చం మనవాడిలా మాట్లాడతాడే,' అన్నాడు."

బ్యోంజు తువ్వాలుతో మళ్లీ మొహం తుడుచుకున్నాడు.

"సముద్రం ఒడ్డున సోక్చోలో ఉన్న తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలని ఉండేది ఆయనకి. ఎప్పుడో పొలం దగ్గర మాటామాటా అనుకున్నారు, తర్వాత కలుసుకోలేదు. కబురు పెట్టమని నిన్నడిగితే తనకి తెలుసని నీకు తెలిసిపోతుంది. నీ మనసు చిన్నబోతుందని ఊరుకున్నాడు. పుండున్న మనిషి తమ్ముణ్ణి ఎందుకు పిలిపించుకుంటాడురా?"

మ్యోంగోక్ ఏడుపు ఆపేసింది. బ్యోంజు గోడని వదిలి, మేకుకున్న వ్యాను తాళం తీసుకుని బయటికి నడిచాడు.

*

సోన్‌హ్వా చెప్పులు వేసుకోకుండానే వెనకాల వెళ్లింది. అతను వ్యానులో కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సోక్చోకి ఇప్పుడు బయల్దేరితే రాత్రి పొద్దుపోయే లోగా చేరతానా?"

"చేరతారు. ఎందుకు?"

"చిన్నాన్నని తీసుకొస్తాను. నాన్నకి తేలేకపోయాను. రేపు డాక్టరు దగ్గర అమ్మ పక్కన ఇంటి పెద్ద ఒకరుండాలి. పదింటికి నేరుగా ఆసుపత్రికే వస్తాం." తాళం తిప్పాడు. తిప్పి, ఆగాడు. "నీ మీద నోరు పారేసుకున్నాను. అది..."

"తర్వాత మాట్లాడుకుందాం. జాగ్రత్తగా నడపండి."

"అమ్మకి చెప్పకు. కంగారుపడుతుంది."

ఆ మాట అన్నట్టు కూడా అతనికి తెలిసినట్టు లేదు. వ్యాను మలుపు తిరిగింది.

గప్సునమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కడికి పోయాడు?"

సోన్‌హ్వా ఒక్క క్షణమే ఆలోచించింది. ఇవాళ ఒకసారి నిజం చెప్పాక రెండోసారి అంత బరువనిపించలేదు. పైగా ఇది మంచి కబురు.

"సోక్చోకి, అత్తయ్యా. చిన్నమామయ్యని రేపు మీ దగ్గరికి తీసుకొస్తానన్నారు."

ఆవిడ మొహం తేటపడుతుందనుకుంది. ఆవిడ గుమ్మాన్ని పట్టుకుంది.

"పిలు వాణ్ణి. వెనక్కి పిలు."

"ఏమైంది?"

"మా మరిది లేడు. నిరుడు సముద్రం మీద పోయాడు. తోటికోడలు నాకే ఫోను చేసింది, నేనే వెళ్లి దండం పెట్టుకొచ్చాను. చెల్లెలింటికి వెళ్లానని మీకు చెప్పాను."

సోన్‌హ్వా ఫోను తీసి నొక్కింది. మోగుతోంది గానీ అతను ఎత్తడం లేదు. బండి నడిపేటప్పుడు ఫోనెత్తడు, అది ఆమే అలవాటు చేసింది.

"మీ అబ్బాయికి ఎందుకు చెప్పలేదు, అత్తయ్యా?"

గప్సునమ్మ నోరు తెరిచింది. మెల్లిగా గడప మీద కూలబడింది.

"వాడి మనసు కష్టపడుతుందని," అంది.